భూరా ఒంటికి కానుగ నూనె

మొన్న ఆదివారం ఊరి ఆ చివర మోవాలో మా చెల్లెలు పద్మ ఇంటికి వెళ్లేసరికి హాల్లో ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది. కింది అంతస్తులో ఉంటుందట. పెంపుడు కుక్కకి ఒళ్లంతా పుళ్లు లేచి జుట్టు రాలిపోతోందని, ఏం చెయ్యాలో అడగడానికి వచ్చింది. పద్మ బ్యాంకు ఉద్యోగి, కుక్కల వైద్యం దాని పని కాదు. అయినా ఆ అపార్టుమెంట్లో ఏ కుక్క గోక్కున్నా జనం ముందు దాని తలుపే తడతారు. అదెందుకో పద్మ కూతురు ఆవిడకి హిందీలో గొప్పగా చెప్పింది. "మమ్మీ చిన్నప్పుడు గజ్జి పట్టిన కుక్కని బతికించింది ఆంటీ. డాక్టరు లేడు, ఇంజెక్షన్ లేదు. వట్టి నూనె రాసి బాగు చేసేసింది!" పద్మ చిన్నగా నవ్వి టీ కప్పులు సర్దింది. అవుననలేదు, కాదనలేదు. సోఫా చివర కూర్చున్న నేను బిస్కట్టు కొరికి, అది నమలడంలో మునిగిపోయినట్టు కనబడ్డాను.

నాకు నలభై దాటాయి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఒక హిందీ దినపత్రికలో పని చేస్తున్నాను. ఎండలో తిరిగి నేను తెచ్చిన వార్త మర్నాడు ఇంకొకరి పేరుతో అచ్చయిన రోజులు చాలానే ఉన్నాయి. అలాంటివి సాయంత్రానికల్లా మరిచిపోయేదాన్ని. కానీ రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో పెరిగిన ఒక గోధుమరంగు ఊరకుక్క విషయంలో నా పేరు బదులు మా చెల్లెలి పేరు వినబడితే, ఈనాటికీ రోజుల తరబడి మరిచిపోలేను. ఆ కుక్క ఒంటికి నూనె రాసింది పద్మ కాదు, నేను. ఆ మాట అక్కడ ఆవిడ ముందు అనలేకపోయాను. అంటే దాని వెనకాలే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడి ఏడాదో రెండేళ్లో అయిన రోజులవి. మా నాన్న వ్యాగన్ల మరమ్మతులో ఫిట్టరు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం కోసం వచ్చి, వచ్చినప్పటి మాటతీరునే చివరిదాకా మాట్లాడిన మనిషి. సాయంత్రం సైకిలు దిగ్గానే ఇంట్లోకి రాకుండా పెరటి కొళాయి దగ్గర ఇసకా సబ్బూ కలిపి మోచేతుల దాకా తోముకునేవాడు. ఎంత తోమినా గ్రీజు వాసన పూర్తిగా పోయేది కాదు, అమ్మ పెట్టే చారు పోపు వాసనతో కలిసి అదే మా ఇంటి వాసన అయిపోయింది. వేసవిలో కూలరు గడ్డి తడిసిన వాసన, వానాకాలంలో ఆరని బట్టల వాసన. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బేరానికి ఛత్తీస్‌గఢీ. నాకు పదహారేళ్లు, పద్మకి పదకొండు. బొబ్బిలి వైపు అలవాటు ప్రకారం అది నన్ను అప్ప అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

కుక్కని తెచ్చింది నేనే. గూడ్స్ షెడ్డు గోడవార వానలో వణుకుతుంటే చున్నీలో చుట్టి తెచ్చాను. గోధుమరంగులో ఉన్నాడని భూరా అని పేరు పెట్టిందీ నేనే. పొద్దున్నే బడికి బయల్దేరితే రైలు గేటు దాకా నా సైకిలు పక్కన పరిగెత్తి, గేటు దగ్గర ఆగి, నేను మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి వెళ్లేవాడు. సాయంత్రం అందరికంటే ముందు నా సైకిలు బెల్లు వాడికే వినబడేది. "అప్ప వస్తే ఇంక మేం మనుషులం కాదు వీడికి" అని పద్మ మూతి ముడుచుకునేది. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

రెండో చలికాలంలో గజ్జి పట్టింది. ముందు చెవుల అంచులు పొట్టు లేచాయి, తర్వాత మోచేతులు, తర్వాత పొట్ట. గజ్జి అంటే చర్మం లోపల దూరి గుడ్లు పెట్టే పురుగులని, కంటికి ఆనవని ఆనాడు మాకెవరికీ తెలీదు. మురికి వల్ల వస్తుందనుకున్నాం. గోక్కుని గోక్కుని వాడు నిద్రపోవడమే మానేశాడు. తడిసి మురిగిన గోనెసంచిలాంటి వాసన. అమ్మ వేపాకు మరగబెట్టిన నీళ్లు పోయించింది, పసుపు ముద్ద పట్టించింది. వేపనీళ్లు పోసిన రోజు కాస్త నెమ్మదించేవాడు, మర్నాటికి మళ్లీ మొదలు. అప్పుడు నాన్న రంగంలోకి దిగాడు. టాటీబంధ్‌లో లారీలు బాగుచేసే షెడ్డు నుంచి డబ్బాడు కాలిన ఇంజను నూనె తెచ్చాడు. "ఇలాటి గజ్జికి ఇదే మందు. మావోళ్లంతా ఇదే రాత్తారు, ఎనుములకీ ఇదే, కుక్కలకీ ఇదే" అంటూ తన చేతుల్తో నల్లగా పులిమేశాడు. జీవితమంతా ఇనుముకి నూనె పెట్టి తుప్పు వదిలించిన మనిషి కదా, తోలుకి పట్టిన గజ్జి కూడా అలాగే వదులుతుందని గట్టిగా నమ్మాడు. భూరా రాత్రంతా నాక్కున్నాడు. మర్నాడు నల్లటి వాంతులు, రెండు రోజులు తల ఎత్తలేదు. అమ్మ సున్నిపిండితో కడుగుతూ ఒకటే మాట అంది. "మీ వ్యాగన్లకి నాలిక లేదండీ. దీనికి ఉంది." నాన్న డబ్బా పట్టుకెళ్లి అవతల పారేశాడు.

మా వీధికి ఆకుకూరలు తెచ్చే బిసాహిన్ బాయి అభన్‌పూర్ నుంచి చిన్న లైను బండిలో వచ్చేది. ఇరుకు పట్టాల మీద నడిచే ఆ బండిని ఊరంతా ఛోటీ లైన్ అనేవారు. నెత్తిన గంప, గంపలో లాల్ భాజీ అనే ఎర్ర ఆకుకూర, చేతులకి పచ్చబొట్లు. మేమంతా ఆవిడని దాయి అనేవాళ్లం, ఆవిడ ఆడపిల్ల ఎవరైనా నోనీ అనేది. భూరాని చూసి గంప దించి, చెవి మడిచి గోటితో గీకి చూసింది. గీకిన వెంటనే వాడి వెనక కాలు గాల్లో గోక్కోవడం మొదలుపెట్టింది. "పురుగు లోపలుంది" అంది. మూడో రోజున కానుగ గింజలు గానుగాడించిన నూనె సీసాతో తెచ్చింది. బెల్లం పాకంలా ముదురు రంగు, ముక్కు చిట్లించే చేదు వాసన. ముందు వేపనీళ్ల స్నానం, ఒళ్లు ఆరాక నూనె, రోజు విడిచి రోజు. నూనె ఇంకేదాకా నాక్కోకుండా పాత లంగా కత్తిరించి చొక్కాలా తొడగాలి. పడుకునే గోనె ప్రతిసారీ ఉడకబెట్టి ఎండలో వెయ్యాలి. జుట్టు మొలిచింది కదా అని ఆపకూడదు, మొలిచాక ఇంకో నెల రాయాలి. ఇదంతా చెప్పి, చివర్న ఇంకో మాట చెప్పింది. "నూనె పట్టించే చెయ్యి ఒకటి, తిండి పెట్టే చెయ్యి ఇంకొకటి ఉండాలి నోనీ. రెండూ ఒకటైతే వాడు తిండి మానేస్తాడు. ఈ వాసనొచ్చే చేత్తో పెట్టింది ముట్టడు."

అమ్మ అక్కడికక్కడే పంచేసింది. పెద్దదాన్ని, బలమున్నదాన్ని కాబట్టి నూనె నాకు. చిన్నది, మెత్తనిది కాబట్టి అన్నం పద్మకి. అది న్యాయంగానే ఉంది, ఎవరైనా అలాగే పంచుతారు. ఆ పంపకం నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోతోందో అమ్మకి తోచలేదు, నాకూ మొదటి వారం తోచలేదు.

మోకాళ్ల మధ్య వాడి మెడ బిగించి, పుండ్ల మీద నూనె రుద్దుతుంటే వాడు ముందు మూలిగేవాడు, తర్వాత నా కళ్లలోకి చూసేవాడు, తర్వాత చూడ్డం మానేశాడు. ఆ పని అవ్వగానే పెరటి అవతలి గుమ్మం నుంచి పద్మ పాలన్నం గిన్నె పట్టుకుని "భూరా, భూరా, ఆజా బేటా" అని పిలిచేది. వాడు నా చేతుల్లోంచి జారి, ఆ లంగా చొక్కాతోనే తూలుతూ దాని దగ్గరికి పోయేవాడు. "అప్పా, తినీసేడే! మొత్తం తినీసేడు!" అని అది అరిచేది. నా అరచేతుల చేదు వాసన సున్నిపిండికీ పోదు, సబ్బుకీ పోదు. క్లాసులో నా బెంచీ పిల్లలు కొంచెం అవతలికి జరిగి కూర్చునేవారు. పది రోజులు తిరిగేసరికి నా సైకిలు బెల్లు వినబడితే వాడు మంచం కిందకి దూరడం మొదలుపెట్టాడు. రైలు గేటు దాకా నా వెంట ఎవరూ రావడం లేదు. పద్మ బడికి వెళ్తుంటే దాని వెంట వీధి చివరిదాకా వెళ్తున్నాడు. ఒక పొద్దున నేను సైకిలు ఆపి వెనక్కి తిరిగి అది చూశాను. అంతకుముందు మా చెల్లెల్ని నేను చాలాసార్లు కొట్టాను, తిట్టాను. కానీ అది లేకపోతే బాగుణ్ణు అని అనుకోవడం ఆరోజే మొదలు.

మూడో వారానికి పొట్ట మీద పీచులాంటి జుట్టు లేచింది, గోక్కోవడం బాగా తగ్గింది. ఇంక చాలనుకున్నాను. చాలని నాకు తెలిసి కాదు, వాడు నా దగ్గరికి రావాలంటే ఆ నూనె ఆగిపోవాలి, అంతే. కానీ దాయి ఇంకో నెల రాయమందని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని రాస్తున్నట్టే పెరట్లోకి వెళ్లి, వాడిని కట్టకుండా వదిలేసి, సీసాలోంచి నాలుగు చుక్కలు నా చేతులకే మోచేతుల దాకా పులుముకుని లోపలికొచ్చేదాన్ని. అమ్మ ఆ వాసన చూసి, ఈ పూట అయిందనుకునేది. మిగతా నూనె గచ్చు పగుల్లో పోసేదాన్ని. ఇంత ఏర్పాటు చేసుకున్నదాన్ని ఒక్క సంగతి మాత్రం ఆలోచించలేదు. వాడు పారిపోయేది ఆ వాసనని చూసి. ఆ అబద్ధం కోసం రోజు విడిచి రోజు ఆ వాసన నేనే ఒంటికి పట్టించుకుంటున్నాను. నూనె రాయించుకోకపోయినా వాడు మంచం కిందే ఉన్నాడు. నేను చెయ్యి చాచి పిలుస్తుంటే చెవులు వెనక్కి పెట్టి ఇంకా లోపలికి జరిగేవాడు.

రెండు వారాల్లో గజ్జి తిరగబెట్టింది. ఈసారి మొహం కూడా వదల్లేదు, కళ్ల చుట్టూ చర్మం దళసరెక్కి ముసలి మొహం వచ్చేసింది. పద్మ వాడిని ఒళ్లో పెట్టుకుని తినిపించేది కదా, దాని పొట్ట మీదా ముంజేతుల మీదా ఎర్రగా దద్దుర్లు లేచాయి. అది గోక్కుంటూ కూడా గిన్నె వదల్లేదు. అమ్మ భయపడిపోయింది. "ఓలమ్మ, గుంట ఒళ్లు సూడండి ఎలగయిపోయిందో! కుక్కని సూసుకుంటారో, పిల్లని సూసుకుంటారో మీరే సెప్పండి" అని నాన్న ముందు నిలబడింది. నాన్న ఆ సాయంత్రమే గూడ్స్ బండి గార్డుగారితో మాట్లాడొచ్చాడు. వీధిలో వద్దనుకున్న కుక్కల్ని అప్పట్లో కొందరు అలా పంపేసేవారు. గూడ్స్ బండి చివర గార్డు కూర్చునే పెట్టెలో కట్టేస్తే, ఎక్కడో వంద మైళ్లవతల బండి ఆగిన చోట దించేస్తారు. చంపిన పాపం ఉండదు, తిరిగొస్తుందన్న భయమూ ఉండదు. "శనివారం డ్యూటీ ఉందంట ఆయనకి. ఆదివారం నుంచి ఈ కంపు ఉండదు" అన్నాడు నాన్న. పద్మ అన్నం తినలేదు. నేను తిన్నాను. నోరు విప్పితే ఒక్క మాటతో ఆగిపోతుందని తెలిసి, మంగళవారం తిన్నాను, బుధవారం కూడా తిన్నాను. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చినప్పుడల్లా నాకు ఒక బొమ్మ కనబడేది. అందరూ నన్ను అసహ్యంగా చూస్తుంటే, భూరా పద్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంటాడు. అది తలుచుకోగానే మాట లోపలికి పోయేది. కుక్క పోతేనేం, పద్మకీ దక్కదు కదా అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

గురువారం పొద్దున దాయి వచ్చింది. ఆవిడ మా వీధికి వచ్చేది సోమవారం, శుక్రవారం. గురువారం ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. భూరా చెవి మడిచి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెరట్లో మేమిద్దరమే ఉన్నాం. "తేల్ తోర్ హాథ్ మ హే నోనీ, కుకుర్ మ నఇ హే" అంది. నూనె నీ చేతికుంది, కుక్కకి లేదు. గొంతు పెంచలేదు. ఆవిడ నన్ను వదిలేసి లోపలికెళ్లి నాన్నతో చెప్పింది. "ఈసారి నేనిచ్చిన నూనె మంచిది కాదు బాబూ. గానుగవాడు ఏదో కలిపేశాడు. నా తప్పు. ఇంకో సీసా తెచ్చాను, నలభై రోజులియ్యి. అప్పటికీ తగ్గకపోతే నేనే మా ఊరు తీసుకుపోతాను." నాన్న మీసం లాక్కుని, సరేనన్నాడు. దాయి నూనెలో కల్తీ ఉందట అన్న మాట మధ్యాహ్నానికి వీధంతా పాకింది. కీళ్లనొప్పులకని ఆవిడ దగ్గర అదే నూనె కొనే ఆడవాళ్లు ఆ చలికాలం కొనడం మానేశారు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు, నాకెప్పుడూ గుర్తు చెయ్యలేదు.

ఆ నలభై రోజులు నేను నూనె రాసినట్టు ఇంకెవరూ రాసి ఉండరు. వేళ్ల సందులు, తోక అడుగు, చెవి మడతలు, ఏదీ వదల్లేదు. గోనె ఉడకబెట్టి, వాడు పడుకునే చోటు వేపనీళ్లతో కడిగాను. నూనే నయం చేసిందో, వేపనీళ్లో, ఎండో, పద్మ పెట్టిన పాలన్నమో నేను ఖాయంగా చెప్పలేను. ఇప్పటి డాక్టర్లయితే నవ్వుతారేమో. వాడికి మాత్రం మళ్లీ జుట్టొచ్చింది, ముందుకంటే ముదురు రంగులో. మరో తొమ్మిదేళ్లు బతికాడు. నన్ను చూస్తే మంచం కిందికి దూరడం మానేశాడు, తోక ఊపేవాడు కూడా, ఇంటికొచ్చిన చుట్టానికి ఊపినట్టు. కానీ పడుకునేది పద్మ కాళ్ల దగ్గర. దాని పెళ్లినాడు మండపం మెట్ల మీంచి లేవనివాడు, నేను మొదటిసారి ఉద్యోగానికి బయల్దేరిన రోజున ఎండలో నిద్రపోతున్నాడు.

మొన్న ఆ కింది అంతస్తావిడ వెళ్లిపోయాక పద్మతో అన్నాను, తేలిగ్గా అన్నట్టు. "నూనె రాసింది నువ్వన్నమాట."

"నేనెప్పుడన్నానే? పిల్ల అలా చెప్పేస్తుంది."

"కాదని కూడా అనలేదు."

పద్మ కప్పులు సింకులో పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "అప్పా, దాయి ఆ గురువారం ఎందుకొచ్చిందనుకున్నావు?"

"ఏమో. ఎవరూ అడగలేదు కదా."

"నేనెళ్లాను. బుధవారం బడి ఎగ్గొట్టి ఛోటీ లైన్ స్టేషన్‌కి. దాయి బండెక్కుతుంటే పట్టుకున్నాను. నువ్వు చేతులకి పులుముకోవడం బాత్రూం కిటికీలోంచి చూసేదాన్ని, మొదటి రోజు నుంచీ."

"మొదటి రోజు నుంచీ చూసి, ఒళ్లంతా దద్దుర్లొచ్చేదాకా నోరెత్తలేదా? నాన్నకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమయ్యేది? నీ దగ్గర్నుంచి ఆ సీసా తీసి నా చేతికిచ్చేవాడు. అప్పుడు భూరా నన్ను చూసి మంచం కింద దూరేవాడు, నీ దగ్గర తినేవాడు." పద్మ నవ్వలేదు. "అంతకుముందు ఏడాదిన్నరా నీ సైకిలు వెనకాల పరిగెత్తడం చూశాను కదా. నావల్ల కాలేదప్పా. దాయికి కూడా అదే చెప్పాను, అప్పచేతే రాయించు, నాకివ్వకు అని."

ఇన్నేళ్లూ నా అసూయ నా ఒక్కదానిదే అనుకున్నాను. అది కూడా పంచుకున్నదేనని తెలిస్తే బరువు దిగాలి. దిగలేదు. పదకొండేళ్ల పిల్ల, నాకున్నంత ఓర్వలేనితనం తనకీ ఉండగానే, పరిగెత్తుకెళ్లి కుక్కని కాపాడుకుంది. నేను రెండు రోజులు అన్నం తిని కూర్చున్నాను. ఇప్పుడు దాని ప్రేమకే కాదు, దాని అసూయకీ నేను కుళ్లుకోవాలి.

పద్మ ఫ్రిజ్ మీంచి, ఇందాక కిందావిడకి పేరు రాసిచ్చిన మాత్రల అట్టపెట్టె తీసి చూపించింది. దాని పెంపుడు కుక్క టఫీకి కూడా కిందటి నెల అదే గజ్జి అంటుకుందట. ఇప్పుడు నూనె లేదు, లంగా చొక్కా లేదు, మోకాళ్ల మధ్య మెడ బిగించడం లేదు. నెలకో మాత్ర చికెన్ ముక్కలో దాచి పెడితే పురుగు చచ్చిపోతుంది. మందు పెట్టే చెయ్యీ తిండి పెట్టే చెయ్యీ ఒకటే. కుక్కకి పారిపోవలసిన మనిషంటూ ఇంట్లో ఎవరూ ఉండరు. ఛోటీ లైన్ పోయింది, దాయి పోయింది, నా చేతుల చేదు పోయింది. ఇది మంచికే. మంచికే అని అనుకుంటూ, ఆ మాత్ర ఆనాడే ఉంటే వాడు ఎవరి కాళ్ల దగ్గర పడుకునేవాడో అని లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

టఫీ వచ్చి నా చేతిని వాసన చూసింది. మాది ఊరికి ఈ చివరైతే మోవా ఆ చివర, ట్రాఫిక్‌లో గంట పైన పడుతుంది.

"రేపు దీనికి రెండో మాత్ర వెయ్యాలి. నాకు బ్యాంకులో మీటింగ్ ఉంది, లేటవుతుంది. పిల్లకి చెప్పనా, లేకపోతే నువ్వేమైనా" అని పద్మ ఇంకా అడుగుతూనే ఉంది.

"నేనొస్తాను" అన్నాను. "నేనే పెడతాను. పిల్లకి చెప్పకు."